అమరచింతనుండి చెట్టిపాళయపు వేగశాలకు

వనపర్తి జిల్లాలోని మా అమరచింత కృష్ణానదికి చేరువనున్న చిన్న పట్టణము. నిజాము ప్రభుత్వమునాటి తెలుగు సంస్థానములలో నొకటి మా యూరి పేరనే చెల్లుచుండెను. దాని రాజధాని మాత్రము ఆత్మకూరు. సంస్థానము పోయినది, మగ్గములు నిలిచినవి. నూలుచీరకు పట్టు అంచులును పట్టుకొంగును గూర్చి నేయు నేర్పరులు మా వీథులలో నేటికిని గలరు. నూలుపోగుది యొక బిగువు, పట్టుపోగుది వేఱొక బిగువు. రెంటిని ముడుత పడకుండ నొక్క బట్టలో నిముడ్చుటయే వారి విద్య. చేయి వడిగా నాడినంత మాత్రమున మా యూర నెవ్వరును నేతగానిని మెచ్చుకొనరు.

మా యూరికి దాపుననే జూరాల ఆనకట్ట. అచటి విద్యుత్కేంద్రమున 39 మెగావాట్ల యంత్రము లాఱు గలవు. పైనుండి దిగు నదీజలము చక్రమును త్రిప్పును. చక్రము యంత్రమును త్రిప్పును. మన యిండ్లలో దీపము వెలుగును. ఆ చక్రమునకే టర్బైనని పేరు. మా వారు లెక్కలు చెప్పు ఉపాధ్యాయులగుటచే నిట్టివానిని ఊరక విడువరు. 746 వాట్ల కొక అశ్వశక్తి చొప్పున గుణించి, ఒక్కొక్క యంత్రము బలము సుమారు 52 వేల గుఱ్ఱముల పాటి యని బాలురకు జెప్పుచుందురు. ఇంతటి చక్రమునకు తోబుట్టువు నా యఱచేతిలో నిముడునని యెవ్వరైన జెప్పియుండిన నేను నమ్మి యుండను. దానిని గడచిన వేసవిలో కోయంబత్తూరున జూచితిని.

అంత దూర మేల పోవలసి వచ్చెనో సోదరీమణులకు జెప్పవలయును. మా అక్కగారు ఆత్మకూరున నుందురు. వారి కుమారుడు ఇంజనీరింగు చదివి కోయంబత్తూరున పంపులు తయారుచేయు కర్మాగారమున నుద్యోగము చేయుచున్నాడు. మూడేండ్ల జీతములో మిగిల్చినదంతయు బెట్టి యొక పాతకారును కొని, దాని యంత్రమును విప్పి, బలము రెట్టింపు చేసి, నెల కొకనాడు పందెపుబాట మీద త్రిప్పుచున్నాడని వారికి దెలిసెను. ధనము పోయిన దన్న చింతకంటె పుత్రుని ప్రాణమును గూర్చిన భీతి మా అక్కగారికి పెద్దది. ఆ భీతికి గారణము లేకపోలేదు. వారి పొరుగింటి పిల్లవాడు రెండేండ్ల క్రిందట మోటారుసైకిలుపై వడిగా బోయి తిరిగి రాలేదు. మన దేశమున 2022వ సంవత్సరమున రహదారి ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. అందు పదింట నేడుపాళ్లు అతివేగమువలననే యని ప్రభుత్వపు లెక్క. ఇట్టి దేశమున కన్నతల్లి కంటికి కునుకు రాదనుటలో వింత యేమున్నది? “నువ్వు చదువుకున్నదానివి, వాడు నీ మాట వింటడు. ఆ కారు అమ్మిచ్చి రా,” అని నన్ను బ్రతిమాలిరి. వేసవి సెలవులు వచ్చుటతో మా వారును నేనును బాడుగ కారులో బయలుదేఱితిమి.

కొత్తకోటయొద్ద 44వ నంబరు జాతీయరహదారి నెక్కితిమి. కృష్ణను దాటి బీచుపల్లిలో ఆంజనేయస్వామిని సేవించితిమి. కర్నూలున తుంగభద్రను దాటితిమి. అటుపిమ్మట గుత్తికోట యెండలో మాడుచు గానవచ్చెను. పెనుగొండ చేరునప్పటికి మధ్యాహ్నము దిరిగెను. 1565లో విజయనగరము పాడైన పిదప రాయలవారి వంశమువారికి రాజధాని యైన యా పెనుగొండకు సమీపముననే నేడు కియా కంపెనీవారి కార్ల కర్మాగార మున్నది. 2019లో అందు మొట్టమొదట తయారైన సెల్టోసు కార్లలో నొక రకమునకు టర్బోతో 140 అశ్వశక్తి యుండెను. ఏనుగులును గుఱ్ఱములును నిలిచిన సీమనుండి యిపుడు కార్లు పోవుచున్నవి. ఆ రాత్రి బెంగుళూరున నుండి, మఱునాడు హోసూరు, కృష్ణగిరి, సేలముల మీదుగా సుమారు 800 కిలోమీటర్ల ప్రయాణము ముగించి కోయంబత్తూరు చేరితిమి.

అది తమిళదేశమే యైనను మనకు పూర్తిగా పరాయిది గాదు. తరతరములనుండి యచట స్థిరపడిన నాయుడు కుటుంబములవారు ఇండ్లలో తెలుగే మాటలాడుదురు. వారి తెలుగు మన తెలుగుకంటె వేఱు. వినగా వినగా తీయన. ఆ నగరపు యంత్రవిద్యకు మూలపురుషులలో నొకరగు జి. డి. నాయుడుగారు (1893–1974) అట్టి తెలుగు కుటుంబమున బుట్టినవారే. మా పొలములలో నీరు తోడు మోటారుపంపులలో ననేకము లా నగరమునుండి వచ్చినవని నాకు ముందే తెలియును. మోటారు పందెములకు నదియే పుట్టినిల్లువంటిదని మాత్ర మచటనే వింటిని. ఎస్. కరివర్ధన్ అనువా రా యూరివారు. విదేశములనుండి పందెపుకార్లు తెప్పించుకొనుట ధనికులకు గాని సాధ్యము గాని దినములలో, మన సామాన్యపు మారుతి 800 యంత్రమునే యొంటి యాసనపు బండి కమర్చి, యువకులకు వేగవిద్య నందుబాటులోనికి దెచ్చిరి. ఆ బండికి ఫార్ములా మారుతి యని పేరు. 2005లో ఫార్ములా వన్ పందెములకెక్కిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ సహితము మొదట నట్టి బండి మీదనే నేర్చెను. కరివర్ధన్‌గారు 1995లో చిన్నవిమానము కూలి మరణించిరి. నగరమునకు వెలుపల చెట్టిపాళయమున 2003లో నేర్పడిన 2.1 కిలోమీటర్ల బాటకు వారి పేరే పెట్టిరి.

చిరంజీవి నివాసము పీలమేడులో. ఇంటి వెనుక రేకులకొట్టమున నా కారుండెను. స్కోడా కంపెనీవారి ఆక్టేవియా వి.ఆర్.ఎస్. అట. పైకి జూడ నేమంత యందమైనది కాదు, రంగు వెలిసినది. లోపల ముందరి రెండు పీఠములు దప్ప తక్కిన వెల్ల దీసివేసి, ఇనుపగొట్టములతో పంజరమువంటి దమర్చియుండెను. బండి బోర్లపడినను లోని మనుష్యుడు నలుగకుండుటకే యా పంజరము. పుట్టినప్పుడు 150 అశ్వశక్తి గల యంత్రమును ఇతడు 310కి బెంచెను. మా ప్రాంతమున జత యెడ్లు దున్నునప్పటి బల మించుమించొక్క అశ్వశక్తి యందురు. మూడువందల పది జతల యెడ్లు ఆ చిన్నకొట్టమున గట్టివేయబడినట్లు తలచి నాకు నవ్వు వచ్చెను.

బల్లమీది పాతటర్బోను విప్పి యతడు నా చేతికిచ్చెను. జూరాల చక్రమునకు తోబుట్టువని నేను జెప్పిన దిదియే. ఇరుసునకు రెండువైపుల రెండు చిన్నచక్రములు. యంత్రమున పెట్రోలు మండిన పిదప వెలువడు పొగ మామూలు కార్లలో వెనుకగొట్టముగుండ వ్యర్థముగా బోవును. పెట్రోలు వేడిమిలో నించుమించు మూడవపాలు ఇట్లే పోవు నట. టర్బోలో నా పొగయే మొదటి చక్రమును త్రిప్పును. దానితో కూడ తిరుగు రెండవ చక్రము బయటిగాలిని బీల్చి, యొత్తి, యంత్రములోనికి గ్రుక్కును. ఒకపాలు పెట్రోలు చక్కగా మండుటకు బరువున పదునాలుగుపాళ్లకు మించిన గాలి వలయును. గాలి యెక్కువ యైన పెట్రోలు నెక్కువ పోయవచ్చును, బలము పెరుగును. కడుగునీటిని కుడితిలో గలిపి పశువులకు బోయు గృహిణి కీ యుపాయము వింత గాదు. 1905లో దీనికి హక్కుపత్రము పొందిన యాల్ఫ్రెడ్ బూషి యను స్విట్జర్లండు దేశస్థుని తల్లి యింటిపని యెఱిగినదై యుండును.

ఆ చక్రము నిమిషమునకు లక్షసారులకు మించి తిరుగును. దాని నంటి పోవు పొగ వేడి తొమ్మిదివందల డిగ్రీలకెక్కును. ఒత్తబడిన గాలియు గాగును. కాగిన గాలి పలుచబడును, యంత్రమునకు జెఱుపు చేయును. కాన ముందుభాగమున జల్లెడవంటి యొక పేటికలో దానిని జల్లార్చి లోనికి బంపుదురు. దానిని ఇంటర్‌కూల రందురు. ఒత్తిడి హద్దు మీఱినచో పొగను ప్రక్కదారిని విడుచుటకు చిన్నతలుపు గలదు. కుక్కరుమీది బరువు లేచి ఆవిరిని విడుచుటను జూచినవారి కింతకంటె జెప్పవలసినది లేదు. ఆ తలుపు బిగుసుకొని పోయినను, పెట్రోలు నాసి యైనను, మంట వేళ గాని వేళ నంటుకొని లోపలి పిస్టనులను సుత్తితో గొట్టినట్లు పగులగొట్టును.

“పెద్ద టర్బో బిగించుటకు నీ కెన్ని దినములు పట్టెను?” అని మా వా రడిగిరి.

“రెండు రోజులు, చిన్నాయనా.”

“మఱి తక్కిన పని?”

“పద్నాలుగు నెలలు.”

ఈ రెండుమాటలు నా మనసున నాటుకొనినవి. బలమును దెచ్చుట రెండు దినముల పని. దానిని భరించుటకు పిస్టనులను మోయు కడ్డీలను తీసి సాగగొట్టిన ఉక్కుకడ్డీలు వేసెను. నూనెను జల్లార్చుటకు వేఱు పేటిక నమర్చెను. పెట్రోలు, గాలి, మంటవేళల లెక్కను కంప్యూటరున మాటిమాటికి సవరించెను. బ్రేకులను పూర్తిగా మార్చెను. “ఉరికిచ్చుడు ఎవరికైనా వస్తది, చిన్నమ్మా. నిలబెట్టుడే కష్టం,” అనెను. గంటకు 60 కిలోమీటర్లు పోవు బండి నాపునపు డెంత వేడి పుట్టునో, 120 పోవు బండి నాపునపు డంతకు నాల్గింతలు పుట్టును. వేగము రెండింతలేగదా యని మోసపోరాదు. బ్రేకులను నొక్కు నూనె, వర్షాకాలమున ఉప్పుజాడివలె, గాలిలోని తేమను దాగుచుండును. తేమ గల నూనె యా వేడికి మఱిగెనా, కాలిక్రింది బ్రేకు మెత్తబడి నేలకు దిగును, బండి యాగదు. అందుచే సీలు తీసి నిలువయుంచిన నూనె నత డెన్నడును వాడడు. ఇంట పెరుగు పుల్లనిదో తియ్యనిదో యెఱుగని పిల్లవాడు దీనియం దింత శుచిగా నుండుట నాకు వింతయైనది.

మఱునాడు తెల్లవాఱకముందే చెట్టిపాళయము చేరితిమి. కారును నడిపించుకొని రాలేదు. లారీమీద నెక్కించి తెచ్చెను. ఇంతగా మార్చిన బండిని రహదారి మీద నడుపరాదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను దీనినే చెప్పుచున్నది. వేసవిలో ఉదయపు గాలి చల్లగాను చిక్కగాను నుండునని పొద్దెక్కకముందే పని మొదలుపెట్టుదురు.

అది పందెము గాదు. బహుమానము లేదు, గెలుపోటములు లేవు. రుసుము చెల్లించినవారు తమ తమ బండ్లను కొన్ని నిమిషములపాటు త్రిప్పుకొందురు. ముందుగా నందఱను గూర్చుండబెట్టి నియమములు చెప్పిరి. పసుపుజెండా కనబడిన ముందపాయము గలదని నెమ్మదింపవలెను. ఎఱ్ఱజెండా కనబడిన నందఱు నిలిచి బయటికి రావలెను. ముందున్నవాడు చేసైగ చేయనిదే యతనిని దాటరాదు. వైద్యులును ఆంబులెన్సును సిద్ధముగా లేనిదే ఒక్క బండియు గదలదు. మా యూరి పెండ్లి యూరేగింపులలో నింత క్రమము నే నెన్నడును జూడలేదు.

నేనును కూర్చుందునంటిని. మా వారు వలదనలేదు. చేతిలోని పత్రికను మాత్రము తలక్రిందులుగా బట్టుకొనిరి. చీరతో నెక్కరాదని నిర్వాహకులు చెప్పిరి. పైటకొంగు చిక్కిన ప్రాణాపాయము. నైలానువంటి బట్టలు నిప్పంటిన కరగి మేనికి బట్టును. 1927లో ఫ్రాన్సు దేశపు నీసు నగరమున ఇసడోరా డంకన్ అను సుప్రసిద్ధ నర్తకి మెడలోని పొడవైన వస్త్రము కారుచక్రమున జుట్టుకొని మరణించెను. మన పిల్లలు మోటారుసైకిళ్లపై చున్నీలు వ్రేలాడవేసికొని పోవునపు డీ మాట గుఱుతు చేయవలెను. నే నొక స్నేహితురాలి నూలుసల్వారు తొడిగి, శిరస్త్రాణము పెట్టుకొని, నడుమునకు భుజములకు పట్టెలు బిగించుకొని కూర్చుంటిని.

మొదటి చుట్టు నెమ్మదిగా ద్రిప్పెను. చక్రములును నూనెయు గాగవలయు నట. రెండవ చుట్టున నేర్పడినదానిని ఉన్న దున్నట్లు చెప్పుదును. తిన్నని భాగమున నతడు కాలు నొక్కెను. ఏమియు గాలేదు. ఊపిరి తీసినంత సేపు నిశ్శబ్దము. పొగ చక్రమును త్రిప్పి, చక్రము గాలి నొత్తువఱకు బట్టు జాగది. అటుపిమ్మట పీఠము వచ్చి నా వెన్నును గొట్టెను. చెట్లు గీతలైనవి. ఎదుట వంపు వచ్చుచున్నది. వీడింక నాపడేమి యని నేననుకొనుచుండగనే బ్రేకు వేసెను. పట్టెలు నా భుజములను గోసినవి. కడుపు ముందునకు బోయి మఱల వచ్చెను.

మూడవ చుట్టునగాని నా కన్నులు తెఱచుకొనలేదు. తెఱచి చూడ, వంపునకు ముందు బాట ప్రక్కన గుఱుతుపలకలు కనబడెను. ప్రతి చుట్టునను ఒక్క పలక యొద్దనే యతడు బ్రేకు వేయుచుండెను, అంగుళమును దప్పలేదు. ఉత్పలమాలకు పదవయక్షరమున యతి యెట్లో, ఆ వంపునకు ఆ పలక యట్లు. అచట నిలిచినవానికి గాని తరువాతి నడక సాగదు. వెలుపలి యంచునుండి లోపలి యంచునకు దిగి, మఱల వెలుపలికి విడుచుచు, వంపును వీలైనంత తిన్నన చేసికొనుచుండెను. చేతులు నెమ్మదిగా నాడుచుండెను. చూపు బండి ముందున గాక, బండి చేరవలసిన చోట నుండెను. మా మగ్గముల యొద్ద నా చేతులను జూచియున్నాను.

భారతారణ్యపర్వమున బాహుకుడు ఋతుపర్ణుని రథము దోలునప్పుడు రాజు ఉత్తరీయము జారిపడెను. ఆపుమని రాజు చెప్పు నంతలోనే యది యోజనము వెనుక బడియుండెను. చిన్ననాడు నాన్నగారి యొద్ద చదివినపు డతిశయోక్తి యని తలచితిని. ఆ బాహుకుడే వంటయందును నేర్పరి యగుట యిపుడు నాకు దగియున్నట్లు తోచినది. అశ్వహృదయ మెఱిగినవాడు పొయ్యిమంట నెఱుగకుండునా?

బండి దిగుటకు ముందు మఱియొక చుట్టు మెల్లగా ద్రిప్పి చల్లార్చెను. నిలిపిన వెంటనే యంత్రము నాపలేదు. కొన్ని నిమిషము లట్లే తిరుగనిచ్చెను. వేడిచక్రమునందు నిలిచిపోయిన నూనె మాడి బొగ్గగునట. చేతిబ్రేకు వేయక చక్రమున కొక చెక్కముక్క యడ్డము బెట్టెను. కాలుచున్న బ్రేకులను బిగించి యుంచిన వంకరపోవును. నాకు కాళ్లు వణకుచుండెను, నోట మాట రాలేదు. మా వారు పత్రికను సరిచేసికొని, “ఎట్లున్నది?” అనిరి. మంచినీళ్లడిగితిని.

ఇది పురుషుల వినోదమని త్రోసివేయుట సులభము. కాని 1888 ఆగస్టున భర్తకు జెప్పకుండ కుమారుల నిద్దఱను వెంటబెట్టుకొని తొలిసారి మోటారుబండిలో నూఱు కిలోమీటర్లకు మించి దూరప్రయాణము చేసిన బెర్తా బెంజి గృహిణియే. దారిలో పెట్రోలుగొట్టము పూడిన టోపీసూదితో బొడిచి బాగుచేసెను. బ్రేకుచెక్క లఱుగగా చెప్పులు కుట్టువానిచే తోలు కొట్టించెను. టర్బో బండ్లలోనే 1981లో ప్రపంచ రాలీ పందెమున గెలిచిన తొలిస్త్రీ ఫ్రాన్సు దేశపు మిషెల్ మూటన్. మఱుసటి యేట ప్రపంచ విజేతృత్వమునకు పోరాడుచు, ఐవరీకోస్టు పందెమునకు ముందే తండ్రి మరణవార్త వినియు బండి నడిపెను. ఆ యేడు రెండవస్థానమున నిలిచెను. ఇట్టి స్త్రీల పేరులు మన బాలికలకు పాఠములలో దొరకవు.

ఈ బాట కొఱకు హైదరాబాదువాడు కోయంబత్తూరు రావలెనా యని మా వారి చింత. మన నగరమున 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేనుసాగరు చెంత వీథులనే బాటగా మార్చి విద్యుత్కార్ల ప్రపంచపందెము నడిపిరి. మఱుసటి యేడు జరుగవలసిన పందెము రద్దయినది. వీథులు మఱల వీథులైనవి.

సాయంకాలము చిరంజీవి తన చిన్నకారులో మమ్ము ఇంటికి గొనిపోయెను. నేను వేగమాపకమును జూచుచునే యుంటిని. అఱువది దాటలేదు. లారీలవారు వెనుకనుండి బూరలూదిరి, పోనిచ్చెను. కారణ మడుగగా, “రోడ్డు మీద ఎదురుగ ఎవరొస్తరో తెల్వది చిన్నమ్మా. ముసలామె దాటుతదో, బర్రె దాటుతదో. ఈడైతే అందరం ఒక్క దిక్కే పోతం, అందరికి జెండాలు తెలుసు,” అనెను. కారు నమ్మించు మాట యెత్తవలెనని కోయంబత్తూరు పోయినదానను ఆ మాట యెత్తలేదు. బదులుగా, ఆ బండిని రహదారి మీద నెన్నడు దింపననియు, ఆంబులెన్సు లేనిచోట ఎక్కననియు నతనిచే జెప్పించుకొంటిని. బాట కేగినదినమున తల్లికి ఫోను చేయుమంటిని, పోవుటకు ముందు గాదు, దిగిన తరువాత. వ్యయము మాట నిజమే. ఒక జత టైర్లు నాలుగైదు మాఱులతో నఱిగిపోవును, తిరిగి వచ్చున దేమియు లేదు. మన బంగారము బీరువాలో నుండి చేయుచున్న యుపయోగమేమో మాత్రము నన్నడుగవలదు.

ఆత్మకూరు చేరి మా అక్కగారికి సర్వము జెప్పితిని. వారు చాలసేపు కోపముతో మాటలాడలేదు. కారును జూడరు, దాని ఛాయాపటమును సహితము చూడమనిరి. టర్బోను గూర్చి నేను చెప్పినదంతయు చెవిని బెట్టినట్లు లేదు. రాత్రి భోజనములైన పిదప గిన్నెలు సర్దుచు, ఆ బ్రేకునూనె యేటి కెన్నిసార్లు మార్చవలెనో, సీసా వెల యెంతో యడిగిరి. చెప్పితిని. మఱునాడు కుమారునికి ఫోను చేసి, కారునకు తాను పైస యియ్యననియు, ఆ నూనెకు మాత్రము తానే పంపుదుననియు జెప్పిరి.